లక్ష్మీ ఆసు యంత్రం: పుట్టపాక నేత ఇంటి నుంచి ఒక సమీక్ష

చింతకింది మల్లేశం 1999లో రూపొందించి, తన తల్లి పేరు పెట్టిన లక్ష్మీ ఆసు యంత్రం పుట్టపాకలోని మా ఇంట్లో నడుస్తున్న తీరు చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. రంగులద్దేముందు చీర దారాన్ని మేకుల చుట్టూ చుట్టి పెట్టుకోవడాన్నే ఆసు పోయడం అంటాం. ఒక చీరకు ఆసు పోయాలంటే, ఒక కొసన ఉన్న మేకు నుంచి ఎదుట అర్ధవృత్తంగా నిలిపిన మేకులకు దారాన్ని దాదాపు 9,000 సార్లు తిప్పాలి కనుక అమ్మకు నాలుగైదు గంటలు పట్టేది, రాత్రికి భుజం లేచేది కాదు. యంత్రం అదే పనిని గంటన్నరలో ముగిస్తుంది. దారం తెగితే అతకడానికి మాత్రం పక్కన మనిషి ఉండాల్సిందే.

దీనికి 2011లో పేటెంట్ వచ్చింది. మన దేశంలో పేటెంట్ గడువు దరఖాస్తు వేసిన నాటి నుంచి 20 ఏళ్లు. దారాన్ని తిప్పే మూల అమరిక ఏళ్ల తరబడి మారదు కాబట్టి దానికి ఈ రక్షణ ఎంతో విలువైనది. యంత్రం కదలికలను నియంత్రించే ఎలక్ట్రానిక్ కంట్రోల్ బోర్డు వంటి, త్వరత్వరగా మారిపోయే భాగాలకైతే, పేటెంట్ చేతికందేలోపే కొత్తది వచ్చేస్తుంది గనుక, చిన్న తయారీదారులు ఆ ఖర్చును విడిభాగాలకూ మరమ్మతుకూ మళ్లించడమే మేలని నా దృఢమైన అభిప్రాయం. ఏ భాగానికి పేటెంట్ కోరినా, దాన్ని బయట ప్రదర్శించకముందే దరఖాస్తు వేయడం క్షేమం. కొనదలచినవారు మోటారు, బోర్డు చెడిపోతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.