న్యూట్రిషన్ డిగ్రీ: పదేళ్లు వాడాక చెప్తున్న మాట

మిక్సీ కొన్న వారానికే రివ్యూ రాసేవాళ్లున్నారు. నేను రాస్తున్నది ఒక చదువు గురించి. 2010లో బీఎస్సీ న్యూట్రిషన్‌లో చేరాను. 2015లో ఎమ్మెస్సీ అయిపోయింది. ఆపైన ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ఇప్పటిదాకా హైదరాబాద్‌లో డైటీషియన్ ఉద్యోగమే. ఐదేళ్లు పెట్టి కొనుక్కున్న వస్తువును పదేళ్లుగా రోజూ వాడుతున్నానన్నమాట. కాలేజీ పేరు, ఆసుపత్రుల పేర్లు రాయను. వాటికంటే చదువు సంగతే ముఖ్యం.

ఇష్టపడి చేరానని అబద్ధం చెప్పను. ఎంసెట్‌లో మెడిసిన్ ర్యాంకు రాలేదు. బైపీసీ వాళ్లకు మిగిలిన దారుల్లో ఇదొకటి. మా నాన్న అప్లికేషన్ చూసి, "వంట నేర్చుకోనీకి డిగ్రీ ఎందుకు బిడ్డా, ఇంట్ల మీ అమ్మ లేదా?" అన్నాడు. మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ పుస్తకం మందం చూశాక మళ్లీ ఆ మాట అనలేదు. వంట ఉంటుంది కానీ తక్కువ. ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ ఎక్కువ. వంట మీద ప్రేమతో చేరినవాళ్లు నా బ్యాచ్‌లో ముగ్గురున్నారు, ముగ్గురికీ మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ బ్యాక్‌లాగే.

ఈ పదేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది రెండో ఏడాదిలో చేసిన ఒక చిన్న ప్రాక్టికల్. అందరినీ ఇంట్లో పప్పు వడ్డించే గరిటె తెమ్మన్నారు. ఒక్కోదాన్ని నీళ్లతో నింపి కొలజాడీలో పోయించారు. ఒకరి గరిటెలో 60 మిల్లీలీటర్లు పట్టాయి, ఇంకొకరి దాంట్లో 140. "ఒక గరిటెడు పప్పు తిన్నాను" అని ఇద్దరు మనుషులు చెప్తే, ఒకరు రెండింతలకు పైగా తిన్నట్టు. ఆరోజు నవ్వుకున్నాం. ఇప్పుడు ఓపీలో కూర్చుంటే ఆ గరిటెలే కళ్లముందు కనిపిస్తాయి.

నిన్నటి నుంచి ఈరోజు దాకా ఏం తిన్నారో గుర్తు చేయించి రాసుకోవడాన్ని మా వాళ్లు ట్వంటీఫోర్ అవర్ రీకాల్ అంటారు. పుస్తకంలో అది అర పేజీ. చేసి చూస్తే అర పేజీ సరిపోదు. "అన్నం ఎంత తింటారు?" అని అడిగితే ఎవరైనా "కొంచెమే మేడమ్" అంటారు. కుక్కర్లో ఎన్ని గ్లాసుల బియ్యం పోస్తారు, ఎంతమంది తింటారు, రాత్రికి ఏమైనా మిగులుతుందా అని అడగాలి. నూనె సంగతి అసలు అడగకూడదు, లెక్క కట్టాలి. నలుగురున్న ఇంట్లో నెలకు లీటరు ప్యాకెట్లు నాలుగు వస్తాయంటే తలకు రోజుకు 33 మిల్లీలీటర్లు. దాదాపు 30 గ్రాములు, గ్రాముకు 9 కేలరీల లెక్కన 270. "మేము నూనె చాలా తక్కువ వాడతాం" అన్నావిడ ఈ లెక్క చూసి భర్త వైపు తిరిగింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు, సాయంత్రం మిర్చి బజ్జీలు బయట తింటున్నాడట. టీ గురించి అయితే రెండుసార్లు అడగాలి, ఇంట్లో ఎన్ని అని ఒకసారి, ఆఫీసులో ఎన్ని అని ఇంకోసారి.

ఈ నేర్పు కోసమైనా ఆ ఐదేళ్లు పెట్టొచ్చంటాను. అయితే కాలేజీ దీన్ని ఎక్కువగా నేర్పిందా అంటే లేదు. ఒక్కసారి రుచి చూపించి వదిలేసింది.

అంకెల సంగతి వేరే. చదువుకున్న అంకెలు చేతిలోనే పాతబడిపోతాయి. నేను పరీక్షలో పెద్దవాళ్లకు రోజుకు 600 మిల్లీగ్రాముల కాల్షియం చాలని రాసి మార్కులు తెచ్చుకున్నాను. మన దేశపు 2020 పోషకాహార సిఫారసుల్లో అది 1000 అయింది. ఆడవాళ్లకు ఐరన్ 21 నుంచి 29కి పెరిగింది, ప్రోటీన్ 55 గ్రాముల నుంచి 46కి దిగింది. మేం బట్టీ పట్టిన ఆహార పట్టికల స్థానంలో 2017లో ఎన్‌ఐఎన్ కొత్తవి తెచ్చింది, 528 ఆహార పదార్థాలతో. అందులో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. మేం చదివింది 344. పెద్ద తేడా ఏమీ కాదు కానీ, ఆ 344 నాకు ఇప్పటికీ నిద్రలో అడిగినా వస్తుంది. డిగ్రీ అయ్యాక పుస్తకం మూసేసినవాళ్లు ఇప్పటికీ 600 అనే చెప్తుంటారు, నేనే విన్నాను.

ఎన్‌ఐఎన్ అంటే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాలగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఈ చదువు హైదరాబాద్‌లో చదవడంలో ఉన్న అసలు లాభం అదే. మూడో ఏడాదిలో అక్కడికి తీసుకెళ్లారు. మాది నల్లగొండ జిల్లా పల్లె. మా ఊళ్లో వంకర కాళ్ల మనుషులను చూస్తూ పెరిగాను, మా వీధిలోనే ఇద్దరుండేవాళ్లు. నీళ్ల వల్ల అని అందరికీ తెలుసు, అంతకుమించి ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. క్లాసులో మేడమ్ ఫ్లోరోసిస్ పాఠం చెప్తూ "నల్లగొండ" అనగానే అరవై తలలు నావైపు తిరిగాయి. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, పటిక, సున్నం వేసి నీళ్లను తేర్చే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరని చెప్పి, పాఠం అయిపోయిందన్నారు. తర్వాత ఎన్‌ఐఎన్‌కి వెళ్లినప్పుడు తెలిసింది, మోకాళ్లు లోపలికి వంగిపోయే ఆ జబ్బును మా జిల్లా ఊళ్లలోనే ఆ సంస్థ పరిశోధకులు 1970ల్లో నమోదు చేశారని, తిండిలో కాల్షియం తక్కువైనచోట ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుందని. నీళ్లే కాదు, కంచం కూడా ఉంది ఇందులో. ఈ చదువు నాది అని మొదటిసారి అనిపించింది ఆరోజే. మా క్లాసులో దానికి పది నిమిషాలు కూడా ఇవ్వలేదు.

మరి టైమంతా దేనికి పోయింది? పాలు, మైదాతో చేసే వైట్ సాస్‌కి! రోగులకు పెట్టే మెత్తటి ఆహారం ప్రాక్టికల్ అంటే మాకు కస్టర్డ్, ఉడికించిన యాపిల్, వైట్ సాస్‌లో కూరగాయలు. రికార్డులో బొమ్మలతో సహా రాశాం. ఈ పదేళ్లలో ఒక్క వార్డులో కూడా నేను వైట్ సాస్ రాయలేదు. ఇడ్లీ, రాగి జావ, పెసరపప్పు కిచిడీ, పెరుగన్నం, ఇవీ రోగులు తినేవి. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేసిన మనిషికి రెండు గంటలకోసారి ఎంత పోయాలి, జావ చిక్కబడి ట్యూబ్‌లో అడ్డుపడకుండా ఎంత పలచగా ఉండాలి అనేది ఇంటర్న్‌షిప్‌లో కిచెన్ సూపర్‌వైజర్ దగ్గర నేర్చుకున్నాను. ఆయన చదివింది పదో తరగతి.

ఆసుపత్రిలో ఇంకొకటి అర్థమైంది. డైట్ షీట్ రాయడం పనిలో చిన్న భాగం, పెద్ద భాగం మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషితో మాట్లాడటం. డయాలసిస్ చేయించుకుంటున్న పెద్దాయనకు కొడుకు ప్రేమగా రెండు కొబ్బరిబోండాలు తెస్తాడు. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు, గుండె లయ తప్పుతుంది. ఆ మాట కొడుకుకు తప్పు చేశాననిపించకుండా చెప్పాలి. కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఉడికించి ఆ నీళ్లు పారబోయమంటే "సారమంతా పోదా అమ్మా?" అంటారు. అవును, పోవాలనే చేస్తున్నాం. దీనికి సిలబస్‌లో కౌన్సెలింగ్ అని ఒక యూనిట్ ఉంది. కళ్లలోకి చూసి మాట్లాడాలని రాసి ఉంది అందులో.

పత్యం గురించి అయితే ఒక్క ముక్క కూడా లేదు. ఆపరేషన్ అయితే పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ దురద అని, పెరుగు జలుబు అని ఊరంతా నమ్మే లెక్క ఒకటుందని మా పుస్తకాలకు తెలియనే తెలియదు. 2018లో నా కాన్పు అయ్యాక ఆ పాఠం ఇంట్లోనే అయింది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని నేను, కారప్పొడి అన్నం చాలని మా నాయనమ్మ. "గింత సదువుకున్నవ్, పెరుగేస్కుంటె పసిదానికి సలువ జేస్తదని సదవలేదా బిడ్డా?" అంది. చదవలేదు నాయనమ్మా అన్నాను, నిజమే కదా. చివరికి పెరుగు నేను వదులుకున్నాను, పెసరపప్పు, పాలు, గుడ్డు ఆమె ఒప్పుకుంది. నీళ్ల దగ్గర మాత్రం తగ్గలేదు, దాహమేసినప్పుడల్లా తాగాను. ఇప్పుడు బాలింతలు వస్తే ముందు ఇంట్లో పత్యం ఎవరు పెడుతున్నారో అడుగుతాను. ఆ మనిషినే లోపలికి పిలుస్తాను.

ఇక వ్యాయామం. ఈ చదువులో నా పెద్ద ఫిర్యాదు ఇదే. ఎమ్మెస్సీలో స్పోర్ట్స్ న్యూట్రిషన్ అని ఒక పేపర్, దాంతో సరి. గుండె, ఊపిరితిత్తుల సత్తా కొలిచే క్వీన్స్ కాలేజ్ స్టెప్ టెస్ట్ చేయించారు. దాదాపు 41 సెంటీమీటర్ల ఎత్తు బల్ల ఎక్కి దిగాలి, ఆడవాళ్లు నిమిషానికి 22 సార్లు, మూడు నిమిషాలు. కాలేజీలో ఆ బల్ల లేదు. ఆడిటోరియం స్టేజీ మెట్లు ఎక్కి దిగాం, చుడీదార్లలో, చున్నీలు నడుముకు బిగించి. తాళం వేసే మెట్రోనోమ్ లేదు కాబట్టి ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆమెకు అలుపొచ్చినప్పుడల్లా మా గుండెకూ కాస్త విశ్రాంతి. ఆ లెక్కలతో వచ్చిన ఫలితాలను రికార్డులో రెండు దశాంశ స్థానాల దాకా రాసుకున్నాం! గోడ అవతలే వ్యాయామ టీచర్లను తయారుచేసే బీపీఎడ్ కాలేజీ. అక్కడ అన్నీ ఉన్నాయి, పోషకాహారం చెప్పేవాళ్లు లేరు. ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఆ గోడలో గేటు తెరుచుకోలేదు.

దాని నష్టం ఓపీలో తెలుస్తుంది. షుగర్ ఉన్న అరవై ఏళ్ల ఆవిడ అన్నం సగం చేసి ఆరు కిలోలు తగ్గానని సంతోషంగా వస్తుంది. మెట్లెక్కలేకపోతున్నానని కూడా అంటుంది. తగ్గినదాంట్లో కండ ఎంత పోయిందో చూసే చదువు నాకు సరిగ్గా రాలేదు, ఉద్యోగంలో చేరాక ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నాను. వారానికి 150 నిమిషాల నడక అందరికీ నోటికొచ్చు. ఆ మాట చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థే వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు కూడా చేయమంటుంది, ఆ రెండో సగం నేను రోగులకు చెప్పడానికి నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమని నా ముందే చేయిస్తాను.

డబ్బు మాట దాచను. మొదటి జీతం 12 వేలు. అదే ఏడాది నా ఇంటర్ స్నేహితురాలు సాఫ్ట్‌వేర్‌లో దానికి మూడింతలు తెచ్చుకునేది. రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష పాసయ్యాక కొంచెం మెరుగైంది. నాలుగు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ, ఏ కోర్సూ చేయనివాళ్లూ పేరు ముందు న్యూట్రిషనిస్ట్ అని పెట్టుకుంటుంటే ఒళ్లు మండేది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్లనూ చేర్చారు. నా దగ్గరకొచ్చే జనంలో మాత్రం ఆ తేడా అడిగినవాళ్లు ఇంకా లేరు. ఫోన్లో చూసిన కీటో చార్ట్ తెచ్చి, "దీని మీద సంతకం పెట్టండి మేడమ్" అన్నవాళ్లున్నారు.

పోయిన నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసి, ఇదే కోర్సులో చేరనా అక్కా అని అడిగింది. నేను మార్కుల గురించి ఏమీ అడగలేదు. కాలేజీకి పోయి మూడు చూసి రమ్మన్నాను: ఆసుపత్రితో ఒప్పందం కాగితం మీద ఉందా లేదా, ల్యాబ్‌లో ఆహార పట్టికలు 2017వా పాతవా, స్టెప్ బల్ల ఉందా. నిన్న మెసేజ్ పెట్టింది. ఒప్పందం ఉందట, పట్టికలు కొత్తవేనట. బల్ల కూడా ఉందట, దాని మీద ప్రింటర్ పెట్టారట.