మూడేళ్ల వాడకం తర్వాత నా చేతికర్ర గురించి

నాకు ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా ఎడతెగని నొప్పులుండే జబ్బు, అని తేలిన రోజున ఒళ్లు నొప్పుల గురించి, నిద్ర గురించి డాక్టరు చాలా చెప్పారు. తూలిపోవడం గురించి మాత్రం చెప్పలేదు. అది నాకు స్నానాల గదిలో తెలిసింది. తలంటు పోసుకుంటూ కళ్లు మూసుకున్నానంటే గోడ ఎటుందో తెలిసేది కాదు. రెండోసారి పడినప్పుడు, చెంబు గచ్చు మీద దొర్లిన చప్పుడుకు అత్తయ్య పరుగెత్తుకొచ్చారు. ఆ వారమే కర్ర కొన్నాను.

మనం నిటారుగా నిలబడటానికి కళ్లు, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ పంపే కబురు, ఈ మూడూ కావాలి. కళ్లు మూస్తే భారమంతా మిగిలిన రెండింటి మీద పడుతుంది. ఈ జబ్బున్నవాళ్లు ఇతరులకంటే ఎక్కువగా తూలుతారని, పడతారని పరిశోధనల్లోనూ తేలింది. దానికి తోడు నేను నొప్పులకు వేసుకునే ప్రెగాబాలిన్ అనే మందుకు తల తిప్పే గుణం ఉంది.

మొదట గంటస్తంభం దగ్గర నాలుగు కాళ్ల కర్ర కొన్నాను. విజయనగరంలో మాది పాత పెంకుటిల్లు, వీధి మెట్లు ఇరుకు. మెట్టు మీద దాని రెండు కాళ్లే ఆనేవి, మిగతా రెండూ గాలిలో. పైగా బరువు. ఇప్పుడది మంచం పక్కన ఉంటుంది. దానంతట అదే నిలబడుతుంది కాబట్టి రాత్రి లేచినప్పుడు చీకట్లో వెతుక్కోనవసరం లేదు. ఆ ఒక్క పనికి బాగుంది.

రోజూ వాడేది ఒంటికాలి అల్యూమినియం కర్ర. దుకాణంలో కుర్రవాడు నడుము ఎత్తుకు పెట్టి ఇచ్చాడు. నెలరోజులు కుడి భుజం, మెడ పీకేశాయి. జబ్బు ముదిరిందనుకుని ఏడ్చాను కూడా. ఫిజియోథెరపీకి వెళ్తే అక్కడి థెరపిస్టు ఆవిడ నన్ను చెప్పులతో నిలబెట్టి, చేయి కిందికి వదలమని, పిడి సరిగ్గా మణికట్టు గీత దగ్గరికి వచ్చేలా మీట నొక్కి రెండు రంధ్రాలు దించారు. పట్టుకుంటే మోచేయి కాస్త వంగాలట. ఆ మెడ నొప్పి పది రోజుల్లో తగ్గింది. ఈ కొలత కొనేటప్పుడే చూసుకోండి, దయచేసి.

ఆవిడే ఇంకో మాట చెప్పారు: బరువంతా మోపకండి, కొన నేలను తాకితే చాలు. నిజమే. ఆ కాస్త స్పర్శతో నేల ఎక్కడుందో అరచేతికి తెలుస్తుంది, ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుంది. మూడేళ్లలో ఈ కర్ర నాకు చేసిన మేలంతా ఇదే.

పిడి వెడల్పుగా, చదునుగా ఉన్నదే తీసుకోండి. వంకీ పిడి అరచేతిలో ఒకేచోట నొక్కుతుంది. ఈ జబ్బున్న మన చేతులు ఆ ఒత్తిడిని ఓర్చుకోలేవు.

కింది రబ్బరు బుష్ ఏడెనిమిది నెలల్లో ఒక పక్కకు అరిగిపోతుంది. మొదటిసారి నేను గమనించలేదు. వానాకాలంలో తడిసిన అరుగు మీద కర్ర సర్రున జారింది, గుంజ పట్టుకుని ఆగాను. ఇప్పుడు ప్రతి నెలా తిప్పి చూస్తాను. గీతలు చెరిగిపోతే మార్చేస్తాను. కొత్తది కొనడానికి పాతదాన్ని వెంట తీసుకెళ్లండి, సైజుల్లో తేడాలున్నాయి.

జనంలో ఇది పనికిరాదు. పైడితల్లి సిరిమానోత్సవానికి వెళ్తే తోపులాటలో ఎవరి కాలో తగిలి చేతిలోంచి జారిపోయింది. నిరుడు అమ్మవారిని బంధువుల మేడ మీద నుంచే చూసి దండం పెట్టుకున్నాను. స్నానాల గదిలోనూ అంతే. అక్కడ గోడకు ఇనుప కడ్డీ బిగించుకున్నాం, పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకున్నాను. ఇప్పుడు తలంటు కూర్చునే పోసుకుంటాను, ఒక చేయి కడ్డీ మీద పెట్టి.