తూకం దగ్గర కనిపించే భక్తి: పర్లాకిమిడిలో ఒక కిరాణా కొట్టు

ఒడిశాలో 1992లో గంజాం నుండి విడిపడి ఏర్పడిన గజపతి జిల్లాకు కేంద్రమైన పర్లాకిమిడిలో, మేము మూడేళ్లుగా సరుకులు తెచ్చుకుంటున్న ఈ చిన్న కొట్టులో, త్రాసు పైన "సామెతలు 11:1" అని మాత్రమే రాసిన అట్టముక్క వేలాడుతుంది. దొంగత్రాసు దేవునికి హేయమని చెప్పే బైబిలు వచనమది. యజమాని ఎవరికీ బోధ చేయరు. బెల్లం తూచే ముందు ఖాళీ సంచిని త్రాసు మీద పెట్టి, అంకె సున్నాకు తెచ్చాకే బెల్లం వేస్తారు. మొన్న నేను లెక్క చూసుకోకుండా ఎక్కువగా ఇచ్చిన 40 రూపాయలను మా అబ్బాయి చేతికిచ్చి పంపారు. చింతపండులో గింజలు ఎక్కువే. కొనేముందే ఆ మాట ఆయనే చెబుతారు. ఆదివారం ఆరాధన కోసం కొట్టు మూసివేస్తారు కనుక, నూనె, పప్పులు శనివారం సాయంత్రమే (మా ఇంట్లో తరచూ మరచిపోతాం) తెచ్చుకోవాలి.