పెరట్లో బయోగ్యాస్ ట్యాంకు: ఏడాది వాడాక చెబుతున్నా

తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారని రాస్తున్నాను. విజయనగరం తోటపాలెంలో మాది ఎనిమిది మంది ఉండే ఇల్లు. కిందటేడు వంటింటి తడి చెత్త నుంచి గ్యాస్ తయారయ్యే వెయ్యి లీటర్ల ట్యాంకు, దాని మీద తేలుతూ గ్యాస్ చేరేకొద్దీ పైకి లేచే డ్రమ్ము, విడిగా బయోగ్యాస్ పొయ్యి, అన్నీ కలిపి 28 వేలు పెట్టి బిగించుకున్నాం. వస్తువు మంచిదే. అమ్మినవాళ్లే సగం మాటలు చెప్పలేదు.

"ఇంట్లో చెత్త ఏదైనా వేసేయండమ్మా, గ్యాస్ అదే వస్తుంది" అన్నారు. మొదటి నెలలోనే చెత్త పోసే పైపు అడ్డుపడింది. మా ఆయన తీగ పెట్టి లాగితే ములక్కాడ పిప్పి ఉండ ఒకటి బయటికొచ్చింది, దానికి చుట్టుకుని కరివేపాకు కట్టల రబ్బరు బ్యాండ్లు, ఏడెనిమిది పాల ప్యాకెట్ మూలలు. కత్తిరించిన ఆ చిన్న ముక్క కూరగాయ తొక్కల్లో కలిసిపోతే కంటికి కనబడదు. ఇప్పుడు మా ఇంట్లో ప్యాకెట్ మూల పూర్తిగా తెగిపోకుండా కత్తిరిస్తున్నాం.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని 2016 నుంచి రూల్సే ఉన్నాయి, కానీ ట్యాంకు పెట్టుకుంటే అంతటితో సరిపోదు, తడి చెత్తను మళ్లీ ఏరుకోవాలి. కొబ్బరి పీచు, మామిడి టెంకలు, ఎముకలు, గుడ్డు పెంకులు అడుగున పేరుకుపోతాయి. నిమ్మ, బత్తాయి తొక్కలు ఎక్కువైతే లోపలి సూక్ష్మజీవులకు పడదు. మిగిలినదాన్ని సన్నగా తరిగి, అంతే నీళ్లు కలిపి పోస్తాం, రోజుకు 3, 4 కిలోలు, అంతకు మించి వద్దు.

ఎందుకు వద్దో సిరిమాను పండక్కి తెలిసింది. చుట్టాలు దిగారు, మిగిలిన అన్నం, పులిహోర, బూరెల పిండి అంతా రెండు రోజుల్లో పోసేశాం. మూడో రోజు డ్రమ్ము నిండా లేచింది, అందరం సంబరపడ్డాం, తీరా పొయ్యి వెలిగిస్తే మంట అంటుకోదు, పైగా పుల్లటి కంపు! ఫోన్ చేస్తే "అదే తగ్గిపోతుంది లెండి" అన్నారు. తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. లోపల కొన్ని సూక్ష్మజీవులు తిండిని ఆమ్లాలుగా మారుస్తాయి, మొదట్లో ట్యాంకు నింపిన పేడతో వచ్చిన ఇంకో రకం ఆ ఆమ్లాల నుంచి మీథేన్ తయారుచేస్తాయి. మొదటివి చురుకు, రెండోవి నిదానం. ఒక్కసారిగా అన్నం పోస్తే ఆమ్లం పేరుకుని రెండోవి పని ఆపేస్తాయి, డ్రమ్ములో చేరేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడే. జ్వరం వచ్చిన మనిషికి లంఖణం పెట్టినట్టు 12 రోజులు ఏమీ వేయకుండా, పచ్చి పేడ నీళ్లు, కొంచెం సున్నపు తేట పోశాం. పదమూడో రోజు నీలి మంట చూసి మా అత్తగారు పొయ్యికి దండం పెట్టారు.

ఇంకొకటి, ఇది చెప్పనందుకు మాత్రం నాకు ఇప్పటికీ కోపమే: మొట్టమొదట నిండిన గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది, వెలిగించడం ప్రమాదం, అది బయటికి వదిలేయాలి.

ఇప్పుడు రోజుకు దాదాపు గంట మంట వస్తోంది, 35 రోజులు వచ్చే సిలిండర్ రెండు నెలలకు దగ్గరగా వస్తోంది. డిసెంబరు, జనవరి చలికి మాత్రం గ్యాస్ సగానికి పడిపోయింది. బయటికొచ్చే నీళ్లు పలచన చేసి కనకాంబరాలకు పోస్తున్నాం, బాగా పూస్తున్నాయి.

కొనేవాళ్లు ముందు పెరట్లో ఎండ తగిలే చోటు చూసుకోండి, మొదటిసారి నింపడానికి పేడ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి, బిగించాక మూడు నెలల పాటు మనిషి వచ్చి చూస్తారా అని అడిగి కాగితం మీద రాయించుకోండి.