పాత మస్టాంగ్‌కు నాడి చూసి మందిచ్చే గ్యారేజీ

ముందే చెప్పేస్తే మంచిది: ఈ గ్యారేజీకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తరు. సందేశం వదిలితే ఎప్పుడో తీరిక దొరికినప్పుడు ఒక పెద్దాయన తిరిగి చేసి, ఏ కారు, ఏ సంవత్సరం, ఏ ఇంజన్ అని అడుగుతారు. ఆ మూడింటికీ తడుముకోకుండా జవాబిస్తేనే మాట ముందుకు సాగుతుంది. కార్డు తీసుకోరు. కూర్చోవడానికి కుర్చీ ఉండదు. 1975 తర్వాత తయారైన బండిని చూడనని గోడ మీదే రాసి పెట్టారు. ఇన్ని ఉన్నా, డెట్రాయిట్ చుట్టుపక్కల పాత అమెరికన్ కారు ఇంజన్ బాగు చేయించాలంటే నేను ఇక్కడికే వెళ్తాను.

చోటు డియర్‌బోర్న్‌కు పడమరగా, మిషిగన్ అవెన్యూ నుంచి కాస్త లోపలికి. రెండు కార్లు పట్టే షెడ్డు, పైకెత్తే లిఫ్టు ఒకటే. పేరు ఇంటర్నెట్‌లో పెట్టవద్దని ఆయనే కోరారు, అందుకే పెట్టడం లేదు. ఇక్కడ పాత కార్లు నడిపేవాళ్లలో ఎవరిని అడిగినా దారి చెబుతారు.

నా బండి 1967 ఫోర్డ్ మస్టాంగ్. 289 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజన్, గాలినీ పెట్రోలునూ కలిపే రెండు గొంతుల కార్బొరేటర్, ఆటోమేటిక్ గేర్లు. కంపెనీ చెప్పిన లెక్కన 200 హార్స్‌పవర్. బానెట్ ఎత్తగానే పెద్దాయన ముందు చూసింది ఇంజన్‌ను కాదు, పక్కన ఇనుప రేకు మీద కొట్టిన నంబరును. 7ఎఫ్01సి అని మొదలవుతుంది. 7 అంటే 1967, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 01 అంటే హార్డ్‌టాప్ (గట్టి కప్పు) బాడీ, సి అంటే రెండు గొంతుల 289. "ఈ పక్క ఊళ్లోనే పుట్టింది" అన్నారు. ఆ ఫ్యాక్టరీలో చివరి మస్టాంగ్ 2004లో తయారైంది. తర్వాత తయారీ ఇదే రాష్ట్రంలోని ఫ్లాట్ రాక్‌కు మారింది.

జబ్బు సంగతికి వస్తే, బండి పొద్దున బుద్ధిగానే స్టార్టయ్యేది. వేడెక్కాక మాత్రం పికప్ ఉండేది కాదు. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఆలోచించుకుని కదిలేది. ఎత్తు ఎక్కేటప్పుడు మధ్యమధ్య తుమ్మేది. ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూలో పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. వేల బండ్లు నత్తనడక నడిచే ఆ రద్దీలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకడం మొదలుపెట్టింది. పక్కకు తీసి ఆపేయాల్సి వచ్చింది.

అంతకు ముందే ఇంకో చోట, అద్దాల గదీ కాఫీ మెషీనూ ఉన్న పెద్ద దుకాణంలో చూపించాను. వాళ్లు ఇంజన్ మీద చెయ్యి పెట్టకముందే కార్బొరేటర్ పోయిందన్నారు. కొత్తది బిగించి 900 డాలర్లు తీసుకున్నారు. పాతదాన్ని అట్టపెట్టెలో పెట్టి వెనక సీటులో పడేశారు. బండి మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. మళ్లీ వెళ్తే ఈసారి రేడియేటర్ మార్చాలన్నారు. దండం పెట్టి వచ్చేశాను.

నా ఉద్యోగం కొత్త కార్ల సాఫ్ట్‌వేర్‌తో. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉండాలి. అందులో స్కానర్ గుచ్చితే ఏ సిలిండర్ సరిగా మండడం లేదో బండే చెబుతుంది. 1967 బండికి నోరు లేదు. దాన్ని పలికించాలంటే కొలతలు తీయడం ఒక్కటే దారి. ఈ గ్యారేజీ గొప్పతనమంతా అక్కడే ఉంది. బండి అక్కడ వదిలిన మొదటి రోజంతా పెద్దాయన ఒక్క భాగం కూడా మార్చలేదు.

మొదట బ్యాటరీ వోల్టేజీ చూశారు. తర్వాత సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు, ఇంజన్ పీల్పును కొలిచే వాక్యూమ్ గేజ్ తగిలించారు. ఆయన దగ్గర ఇంతకన్నా ఖరీదైన సామాను చాలా ఉంది, కానీ ముందు చూసేది దీన్నే. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కన) మధ్య ముల్లును కదలకుండా నిలబెడుతుంది. వాల్వు సరిగా మూసుకోకపోతే ముల్లు లయగా కొట్టుకుంటుంది. నా బండిలో ముల్లు వణకలేదు, కానీ 14 దగ్గర కూర్చుంది. వణకకుండా తక్కువగా ఉందంటే ప్రధానంగా రెండు అనుమానాలు: ఎక్కడో గాలి లీకవుతూ ఉండాలి, లేదా స్పార్క్ ఆలస్యంగా పడుతూ ఉండాలి. లీకు కోసం సన్నని గొట్టంతో ప్రొపేన్ గ్యాసును మానిఫోల్డ్ అంచుల వెంట వదిలారు. లీకు ఉంటే గ్యాసు లోపలికి పోయి ఇంజన్ వేగం మారుతుంది. ఏమీ మారలేదు.

"అయితే టైమింగ్ చూద్దాం" అన్నారు, అంటే స్పార్క్ పడే సమయం. స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చును పాయింట్లంటారు, అవి మూసి ఉండే కోణం డ్వెల్. అది 28 డిగ్రీలు వచ్చింది. ఉండాల్సింది 26 నుంచి 31. వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూసి, టైమింగ్ లైటు కొడితే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందున్న చక్రం మీద గీత సరిగ్గా 6 డిగ్రీల దగ్గర, అంటే పిస్టన్ పైకి రావడానికి 6 డిగ్రీలు ముందు కనిపించింది. మాన్యువల్‌లో రాసిందీ అదే. నేనైతే అక్కడితో టైమింగ్ బాగుందని వదిలేసేవాణ్ణి. ఆయన వదల్లేదు. ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు కాస్త వదులు చేసి, గేజ్ వైపు చూస్తూ చేత్తో మెల్లగా తిప్పారు. తిప్పిన కొద్దీ ముల్లు పైకెక్కింది, ఇంజన్ గొంతు తేలికపడింది. 19 దాకా వచ్చాక మళ్లీ లైటు కొట్టారు. గీత 17 డిగ్రీల దగ్గర ఉంది. లైటు ఒకటి చెబుతోంది, ఇంజన్ ఇంకొకటి చెబుతోంది. "ఇద్దరిలో ఇంజన్ అబద్ధమాడదు" అని నవ్వారు.

ఆ తర్వాత చేసిన పనిని నేను డబ్బిచ్చి చూసినా తప్పులేదనిపించింది. ప్లగ్గులన్నీ తీసి, ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్‌ను ఆపే ఒక ఇనుప కడ్డీ బిగించారు. పెద్ద పానాతో క్రాంక్‌ను చేత్తో తిప్పారు. పిస్టన్ కడ్డీకి తగిలి ఆగిన చోట ఆ చక్రం మీద తెల్ల పెన్సిలుతో గీత పెట్టారు. వెనక్కు తిప్పి, మళ్లీ తగిలిన చోట ఇంకో గీత. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యనున్న బిందువు దగ్గరే పిస్టన్ నిజంగా పైకొచ్చేది. కంపెనీ కొట్టిన సున్నా గీత అక్కడ ఉండాలి. అది 11 డిగ్రీలు వెనకబడి ఉంది.

కారణం క్రాంక్ ముందు ఉండే ఆ చక్రమే, దాన్ని బ్యాలన్సర్ అంటారు. అది ఒకే ఇనుప ముద్ద కాదు. మధ్యలో బొడ్డు, బయట బరువైన కడియం, రెండింటినీ పట్టి ఉంచే రబ్బరు పొర. వేడికీ ఆయిలుకూ ఆ రబ్బరు చచ్చిపోతే బయటి కడియం కొంచెం కొంచెంగా జారుతుంది. గీతలు ఉండేది ఆ కడియం మీదే. అంటే లైటులో 6 డిగ్రీలు ముందని కనిపించినప్పుడు, నిజానికి పిస్టన్ పైకొచ్చి 5 డిగ్రీలు కిందికి దిగాక స్పార్క్ పడుతోంది. మంట ఆలస్యమైతే ఆ వేడి పిస్టన్‌ను తొయ్యడానికి కాకుండా ఎగ్జాస్టు దారిలోకీ అక్కడి నుంచి నీళ్లలోకీ పోతుంది. పికప్ లేకపోవడం, ఊరేగింపులో వేడెక్కడం, రెండూ ఈ ఒక్క జారుడు చేసిన పనులే. 900 డాలర్ల కార్బొరేటర్‌కు ఇందులో ఏ పాపమూ తెలియదు.

ఇంత తెలిశాక కూడా ఆయన ఆగలేదు. ప్లగ్గులు ఎలాగూ తీసి ఉన్నాయి కదా అని కంప్రెషన్ చూశారు. ఎనిమిదీ 145కూ 155కూ మధ్య (పి.ఎస్.ఐ. లెక్కన) వచ్చాయి. అన్నిటికన్నా తక్కువది ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదని లెక్క. క్రాంక్‌ను వెనక్కు తిప్పుతూ డిస్ట్రిబ్యూటర్‌లోని రోటర్ ఎప్పుడు కదులుతుందో చూసి, క్రాంక్‌ను క్యామ్‌తో (వాల్వులను తెరిచే ఇరుసుతో) కలిపే టైమింగ్ చెయిన్ సాగలేదని తేల్చారు. ఆపైన, చక్రాల మీద నిలబడ్డ మనిషెత్తు సన్ కంపెనీ ఇంజన్ ఎనలైజర్‌ను తోసుకొచ్చారు. దాని తెర మీద 8 సిలిండర్ల స్పార్క్ గీతలు మండే వరసలో, అంటే 1-5-4-2-6-3-7-8గా నిలబడ్డాయి. అన్నీ దాదాపు ఒకే ఎత్తు. మరి ఎత్తు మీద ఆ తుమ్ము ఎందుకు? అది యంత్రానికి దొరకలేదు, ఆయన కంటికి దొరికింది. 7, 8 సిలిండర్ల వైర్లు రెండూ పక్కపక్కన పెట్టి ఒకే క్లిప్పుతో కట్టి ఉన్నాయి. ఈ ఇంజన్‌లో 7 వెనకే 8 మండుతుంది. వైర్లు ఆనుకుని సమాంతరంగా పోతే 7లో పారే కరెంటు 8లో కూడా స్పార్క్ పుట్టిస్తుంది, 8 తన వంతు రాకముందే మండుతుంది. వాటిని విడదీసి వేర్వేరు దారుల్లో పంపారు. ఖర్చు సున్నా.

బ్యాలన్సర్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పారు, ఇది 289 ఉన్నవాళ్లందరికీ పనికొస్తుంది. పాత ఫోర్డ్ 289, 302 ఇంజన్లకు 28 ఔన్సుల లెక్కన బరువు తూచినది కావాలి. 1982 నుంచి వచ్చిన 5.0 లీటర్ల ఇంజన్లది 50 ఔన్సులది. చూడటానికి ఒకలాగే ఉంటాయి. తప్పుది బిగిస్తే ఇంజన్ వణికి బేరింగులను తినేస్తుంది. పాతదానికే కొత్త రబ్బరు పోయించుకోవచ్చు గానీ వారాలు పడుతుందన్నారు. కొత్తదే తెప్పించుకున్నాం.

చివర్లో వెనక సీటులోని అట్టపెట్టె తెమ్మన్నారు. పాత ఆటోలైట్ 2100 కార్బొరేటర్ పక్కన గుండ్రంలో 1.08 అని పోత పోసి ఉంటుంది. అది గొంతు వ్యాసం, అంగుళాల్లో. శుభ్రం చేసి, గ్యాస్కెట్లు మార్చి దాన్నే మళ్లీ కూర్చోబెట్టారు. కొత్తదాన్ని అమ్ముకోమని నా చేతిలో పెట్టారు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు లోపలి నుంచి పెళుసుబారిన రబ్బరు గొట్టం కోసి చూపించి, అదీ మార్చారు. ఆయిలు విషయంలోనూ పట్టింపు ఉంది. ఈ ఇంజన్లలో క్యామ్ నేరుగా చదునైన ట్యాపెట్ల మీద రాసుకుంటుంది కాబట్టి జింకు ఎక్కువున్న 10డబ్ల్యూ-30 తప్ప పొయ్యరు. ఫిల్టర్‌తో కలిపి 5 క్వార్టులు.

పరీక్షలకు 275 డాలర్లు, అన్నీ కలిపి 800కు కాస్త లోపు అయింది. బిల్లుతో పాటు చేత్తో రాసిన కాగితం ఇస్తారు: వాక్యూమ్, డ్వెల్, ఎనిమిది కంప్రెషన్ అంకెలు, ముందూ తర్వాతా. ఏడాది తర్వాత మళ్లీ కొలిస్తే ఏది ఎంత అరిగిందో దాంతో పోల్చుకోవచ్చు. పెద్ద దుకాణం ఇచ్చిన మూడు పేజీల కంప్యూటర్ బిల్లులో ఒక్క కొలత కూడా లేదు.

ఇక నాకు నచ్చనివి. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమంటే ససేమిరా పెట్టరు. పాయింట్లు చచ్చేముందు చెప్పి చస్తాయి, మాడ్యూల్ చెప్పకుండా నడిరోడ్డు మీద చస్తుంది, అదీ ఆయన వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ ప్రతి సీజనులో కాలు మడిచి కూర్చుని ఫీలర్ గేజ్ అనే సన్నని రేకుతో 0.017 అంగుళం గ్యాపు చూసుకోవలసింది నేను కదా! పాత షెవర్లే వాళ్ల సుఖం మాకు లేదు. వాళ్ల డిస్ట్రిబ్యూటర్ మూతకు చిన్న కిటికీ ఉంటుంది, ఇంజన్ నడుస్తుండగానే ఆలెన్ కీ పెట్టి డ్వెల్ తిప్పుకోవచ్చు. ఈ విషయంలో మాత్రం నేను వేరే చోట చేయించుకుంటాను, ఆయనకు చెప్పను.

ఇంకొకటి, తొందర పెడితే బండి తీసుకుపొమ్మంటారు. పెళ్లి ఊరేగింపుకు కావాలనో, ఉగాది నాటికి బయటికి తియ్యాలనో చెబితే ఆయన చెవికెక్కదు. ఇక్కడ శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి పాత బండ్లన్నీ నవంబరులో లోపలికి వెళ్లి ఏప్రిల్‌లో బయటికొస్తాయి. అందరికీ ఆయన ఒకేసారి గుర్తొస్తారు. ఫిబ్రవరిలోనే సందేశం పెట్టుకోవడం మేలు. రంగు, డెంటింగు, సీట్ల పని చెయ్యరు. విజయవాడ ఆటోనగర్‌లో లాగా పక్క షెడ్డులో చేయించి ఇస్తానన్న మాటా ఉండదు.

బండిని పొద్దున తోలుకు రావద్దంటారు, ముందు రోజు సాయంత్రమే వదిలి వెళ్లాలి. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను పొద్దున తన చేత్తో స్టార్ట్ చేసి, చోక్ ఎలా తెరుచుకుంటుందో మొదటి రెండు నిమిషాలు చూడాలట. తాళం తలుపు పక్కనున్న పాత బ్యాటరీ డబ్బాలో వెయ్యండి. జబ్బు ఎప్పుడొస్తోందో, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఎత్తు మీదా అన్నది కాగితం మీద రాసి స్టీరింగ్‌కు కట్టండి. ఏ భాగం పోయిందని మీకు అనిపిస్తోందో మాత్రం రాయకండి, ఆయనకు చిరాకు.