గోడమీది కాగితంలో అరవై, వేళ్లలో పదిహేను: ఏడేళ్ల ల్యాప్‌టాప్ షార్ట్‌కట్ల సమీక్ష

ల్యాప్‌టాప్ షార్ట్‌కట్ల పట్టికను అచ్చు తీసి నా బల్ల ఎదుటి గోడకు అంటించుకుని ఏడేళ్లయింది. ఆ కాగితంలో అరవైకి పైగా కీల కలయికలు ఉండేవి. వాటిలో ఈ రోజు ఆలోచించకుండా నా వేళ్లు నొక్కేవి పదిహేనుకు మించవు. రోజులో ఎక్కువ భాగం రాతపని, లెక్కల షీట్లు, ఇంటర్నెట్‌లో వెతుకులాటతో గడిపే మనిషిగా మొదట విండోస్ 10లోనూ, తర్వాత విండోస్ 11లోనూ వీటిని వాడి చూశాను. ఏవి నిలిచాయో, ఏవి జారిపోయాయో ఇప్పుడు చెప్పగలను. సమయం ఆదా చేస్తాయని ఊరించే షార్ట్‌కట్లలో చాలావరకు నాకు అక్కరకు రాలేదు. చేసిన పొరపాటును వెనక్కి తిప్పేవి, పోయిందనుకున్నదాన్ని తిరిగి చేతికిచ్చేవి మాత్రం ఒక్కటీ నన్ను విడిచిపోలేదు.

ఆ లెక్కన మొదటి స్థానం విండోస్ కీని పట్టుకుని వి నొక్కడానికి ఇస్తాను. కాపీకి కంట్రోల్ సి, పేస్ట్‌కు కంట్రోల్ వి అన్నవి తెలియనివారుండరు. 1983లో వచ్చిన ఆపిల్ లిసా కంప్యూటర్‌లోనే జడ్, ఎక్స్, సి, వి అనే నాలుగు ఇరుగుపొరుగు కీలకు వరుసగా వెనక్కి తిప్పడం, కత్తిరించడం, కాపీ, పేస్ట్ పనులు అప్పగించారు, అవి నేటికీ కదలలేదు. ఇందులో నన్ను చాలాకాలం వేధించిన లోపం ఒక్కటే: కొత్తది కాపీ చేయగానే పాతది మాయమవుతుంది. ఒక పత్రం నుంచి నాలుగు ముక్కలు మరో పత్రంలోకి తేవాలంటే నాలుగుసార్లు అటూ ఇటూ తిరగవలసి వచ్చేది. 2018 అక్టోబరు అప్‌డేట్‌తో విండోస్ 10లోకి వచ్చిన క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆ తిరుగుడును తప్పించింది. మొదటిసారి విండోస్ వి నొక్కినప్పుడు దీన్ని ఆన్ చేయమంటారా అని అడుగుతుంది. ఆన్ చేసిన తర్వాత కాపీ చేసిన చివరి 25 అంశాలు, బొమ్మలతో సహా, వరుసగా కనిపిస్తాయి, కావలసినదాన్ని ఎంచుకుంటే చాలు. తరచూ వాడే చిరునామా, ఖాతా సంఖ్య, ఉత్తరం చివర రాసే నాలుగు వరుసల వంటివాటిని పిన్ చేసుకుంటే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసినా అవి ఉంటాయి. పిన్ చేయనివి రీస్టార్ట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి.

దీనికో చీకటి కోణం ఉంది, దాన్ని నేను నలుగురి ముందు తెలుసుకున్నాను. ఒక ఆన్‌లైన్ సమావేశంలో నా తెరను అందరికీ చూపిస్తూ యథాలాపంగా విండోస్ వి నొక్కాను. ఆ ఉదయం కాపీ చేసిన పాస్‌వర్డ్ అందరికీ కనిపించేలా రెండో వరుసలో ఉంది. అప్పటినుంచి పాస్‌వర్డ్‌ను కాపీ చేయవలసి వస్తే, పని కాగానే ఆ పట్టిక తెరిచి దాన్ని తొలగించడం అలవాటు చేసుకున్నాను. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ఖాతాతో వాడుకునే ల్యాప్‌టాప్ అయితే ఈ సదుపాయాన్ని ఆన్ చేయవద్దని నా సలహా.

బ్రౌజర్‌లో పొరపాటున మూసిన ట్యాబ్‌ను కంట్రోల్ షిఫ్ట్ టి తిరిగి తెరుస్తుందని చాలామందికి తెలుసు. మళ్లీ మళ్లీ నొక్కితే అంతకుముందు మూసినవి కూడా ఒక్కొక్కటే వస్తాయి, అయితే చూసినవాటి చరిత్రను దాచుకోని ఇన్‌కాగ్నిటో విండోలో చూసినవాటికి ఈ దయ లేదు. ఇంతకన్నా తక్కువమందికి తెలిసిన విషయం ఏమిటంటే, కంట్రోల్ జడ్ అనేది రాసిన అక్షరాలకే కాక ఫైళ్లకు కూడా పనిచేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్పు పేరు పెట్టినా, ఒక ఫోల్డర్‌లోకి లాగబోయి పక్కదానిలో వదిలేసినా, డిలీట్ నొక్కి రీసైకిల్ బిన్‌కు పంపినా, వెంటనే కంట్రోల్ జడ్ నొక్కితే చాలు. ఆ ఫైల్ ఏ ఫోల్డర్‌లో పడిందో వెతుక్కుంటూ అరగంట గడిపిన రోజులు నాకు గుర్తున్నాయి కనుక ఈ ఒక్కదానికి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కడం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది రీసైకిల్ బిన్‌ను దాటవేసి ఫైల్‌ను నేరుగా తొలగిస్తుంది, కంట్రోల్ జడ్‌తోనూ అది తిరిగి రాదు. నా పట్టికలో ఇది పనిని వేగవంతం చేసే చిట్కాగా ఉండేది. రెండు క్లిక్కులు మిగుల్చుకుందామని దాన్ని అలవాటు చేసుకుని, ఒక సాయంత్రం పాత ప్రతుల ఫోల్డర్ అనుకుని తాజా ప్రతులున్న ఫోల్డర్‌ను తుడిచేశాను. నిజంగా తొలగించాలా అని అడిగే చిన్న పెట్టె వచ్చింది, కానీ చేతి అలవాటుగా దానికి కూడా ఎంటర్ కొట్టేశాను. ఆ కలయికను గోడమీది కాగితంలో ఎర్ర సిరాతో కొట్టేసింది ఆ రాత్రే.

తెరమీద కావలసినంత మేరకే బొమ్మ తీసే విండోస్ షిఫ్ట్ ఎస్ గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. అది చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, తీసిన బొమ్మ క్లిప్‌బోర్డ్‌కు చేరుతుంది. లేచి వెళ్లేటప్పుడు తెరకు తాళం వేసే విండోస్ ఎల్ కూడా అంతే.

విండోలను సర్దే షార్ట్‌కట్ల మీద నేను పెట్టుకున్న ఆశలు మాత్రం సగమే ఫలించాయి. విండోస్ కీతో ఎడమ, కుడి బాణాలను నొక్కి రెండు విండోలను చెరి సగం తెరలో నిలబెట్టడం రోజూ చేస్తాను, ఒకదాన్ని చూసి మరొకదానిలో రాసేవారికి అది తప్పనిసరి. టాస్క్‌బార్‌లో మొదటిదాన్ని విండోస్ 1తో, రెండోదాన్ని విండోస్ 2తో తెరవడం మూడు వరకే నిలిచింది, నాలుగో ఐదో లెక్కపెట్టుకునేలోపు చేయి మౌస్ మీదకు వెళ్లిపోయేది. కంట్రోల్ విండోస్ డితో కొత్త డెస్క్‌టాప్‌లు తెరిచి పనులను వేరువేరుగా ఉంచుకోవాలని రెండు నెలలు గట్టిగా ప్రయత్నించాను. తెరిచిన ఫైల్ ఏ డెస్క్‌టాప్‌లో ఉందో మరిచిపోయి, అదే ఫైల్‌ను మళ్లీ తెరవబోతున్నానని గ్రహించిన రోజున మానేశాను.

రాతపనిలో కంట్రోల్ బ్యాక్‌స్పేస్ మాటను మాటగా చెరిపేస్తుంది. ఇక్కడ తెలుగులో రాసేవారు గమనించదగ్గ సంగతి ఒకటి ఉంది. నేను వాడే ఎడిటర్లలో బ్యాక్‌స్పేస్ నొక్కితే గుణింతపు గుర్తు, ఒత్తు, అక్షరం విడివిడిగా ఒక్కో దెబ్బకు ఒక్కటి పోతాయి. కర్సర్‌ను అక్షరం ముందు ఉంచి డిలీట్ నొక్కితే ఒత్తుతో సహా అక్షరం మొత్తం ఒకేసారి పోతుంది. గుడి బదులు గుడిదీర్ఘం పడినప్పుడు బ్యాక్‌స్పేస్, మొత్తం అక్షరమే తప్పయినప్పుడు డిలీట్ అని తేడా తెలిశాక నా దిద్దుబాటు సగం తేలికైంది. భాష మార్చడానికి విండోస్ స్పేస్ సరిపోతుంది. 2019 మే అప్‌డేట్‌తో విండోస్ 10లో ఇంగ్లిష్ అక్షరాల ఉచ్చారణతో తెలుగు రాసే ఫొనెటిక్ కీబోర్డ్ కూడా చేరింది కనుక, ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల ప్రామాణిక కీల అమరికను నేర్చుకోనివారికి వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కునే అవసరం తప్పింది. వెబ్ పేజీ నుంచి తెచ్చిన వాక్యం దాని రంగు, అక్షరాల పరిమాణంతో సహా వచ్చి మన పేజీని పాడు చేయకుండా ఉండాలంటే బ్రౌజర్లలోనూ, వర్డ్ కొత్త వెర్షన్లలోనూ కంట్రోల్ షిఫ్ట్ వి వాడాలి.

యంత్రం మొండికేసినప్పుడు చాలామంది కంట్రోల్ ఆల్ట్ డిలీట్ దగ్గరికే పరుగెత్తుతారు. ఐబీఎం ఇంజినీరు డేవిడ్ బ్రాడ్లీ మొదట్లో కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయడానికి కూర్చిన ఆ కలయిక ఇప్పుడు ఒక మెనూను మాత్రమే చూపిస్తుంది. కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కితే నడుస్తున్న ప్రోగ్రాములను చూపి, మొండికేసినదాన్ని మూయనిచ్చే టాస్క్ మేనేజర్ నేరుగా వస్తుంది. తెర నల్లగా మారి, లోపల అన్నీ నడుస్తున్నట్టు అనిపిస్తే పవర్ బటన్ అదిమిపట్టే ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కి చూడండి. అది తెరమీద బొమ్మను నడిపించే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది, తెర ఒకసారి మినుకుమంటుంది. ఏడేళ్లలో మూడుసార్లే అవసరమైంది, రెండుసార్లు సేవ్ చేయని పని దక్కింది.

కీల కలయిక కాకపోయినా ఒక ఆదేశాన్ని ఇక్కడ చేర్చక తప్పదు. ఆదేశాలను టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ విండోలో పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అనే ఆదేశానికి బ్యాటరీరిపోర్ట్ (/batteryreport) అనే ఎంపికను చేర్చి నడిపిస్తే ఒక నివేదిక ఫైల్ తయారవుతుంది. అందులో బ్యాటరీ కొత్తలో నిలువ చేసుకోగలిగిన శక్తి, ఇప్పుడు పూర్తిగా ఛార్జ్ అయితే నిలువ చేసుకోగలిగిన శక్తి పక్కపక్కనే ఉంటాయి. నా మొదటి ల్యాప్‌టాప్ నెమ్మదించిందని, వైరస్ సోకిందని అనుమానిస్తూ నెలలు గడిపిన తర్వాత ఈ నివేదిక తీసి చూస్తే, ఛార్జర్ తీయగానే అది ఎందుకు చతికిలపడుతోందో రెండు అంకెల్లో తేలిపోయింది.

ఇన్నేళ్ల అలవాటును నిజంగా దెబ్బతీసింది సాఫ్ట్‌వేర్ కాదు, కొత్తగా కొన్న యంత్రం. రెండో ల్యాప్‌టాప్‌లో ఎడమవైపు అట్టడుగు మూలన కంట్రోల్ ఉండవలసిన చోట, ఇతర కీలకు రెండో పని అప్పగించే ఎఫ్ఎన్ (Fn) కీ ఉంది. కాపీ అనుకుని నొక్కితే ఏమీ జరగదు, పేస్ట్ చేస్తే పాతదే పడుతుంది. హోమ్, ఎండ్ కీలకు కూడా ఎఫ్ఎన్ తోడు కావాలి. ఆ రెండు కీల స్థానాలను మార్చే వీలు కొన్ని ల్యాప్‌టాప్‌ల బయాస్ సెట్టింగుల్లో, అంటే విండోస్ కన్నా ముందు మొదలయ్యే ప్రోగ్రాము సెట్టింగుల్లో, ఉంటుంది, నాదానిలో లేదు. ఆరు నెలలు గడిచినా నా చిటికెన వేలు ఇంకా మూలకే వెళుతోంది. అందుకే ఈసారి కొనేటప్పుడు ప్రాసెసర్, మెమరీల కన్నా ముందు కీబోర్డ్‌లో ఆ మూలను చూస్తాను.