ఆనర్ సొసైటీ ఆహ్వానాలు: టౌ బీటా పై, ఫై కప్పా ఫై, మెయిల్‌లో వచ్చే మిగతావి – ఏది మేలు?

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మన పిల్లలకు మొదటి ఏడాది మార్కులు వచ్చాక ఓ రకం ఈమెయిళ్లు మొదలవుతాయి. పైన "అభినందనలు, మీరు ఎంపికయ్యారు" అని పెద్ద అక్షరాలు, కింద గడువు తేదీ, ఆ కింద మూడు ప్యాకేజీలు. ఉత్త సర్టిఫికెట్ అయితే ఒక ధర. గ్రాడ్యుయేషన్ రోజు మెడలో వేసుకునే రంగు తాడు కూడా కావాలంటే ఇంకాస్త. ఫ్రేము కట్టిన ఫలకంతో సహా అయితే మరికాస్త. గడువు దగ్గరపడితే "ఆఖరి అవకాశం" అని ఇంకో మెయిల్, గడువు దాటితే "మీ కోసం పొడిగించాం" అని మరొకటి. అదే సీజన్లో డిపార్ట్‌మెంట్ నుంచి కూడా హంగులేమీ లేని నాలుగు వాక్యాల మెయిల్ ఒకటి రావచ్చు: మీరు ఫలానా సొసైటీకి అర్హులు, ఫలానా రోజు పరిచయ సమావేశం ఉంది, రండి అని. మొదటిదానికి డబ్బు కట్టేసి రెండోదాన్ని తెరవకుండానే వదిలేసేవాళ్లు ఉన్నారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఈ పొరపాటుకు పిల్లలను తప్పుపట్టలేం. మన యూనివర్సిటీల్లో గోల్డ్ మెడల్, ర్యాంకు, డిస్టింక్షన్ అన్నీ ఇచ్చేది యూనివర్సిటీయే, అందుకే ఎవరిచ్చారన్న ప్రశ్న రాదు. అమెరికాలో ఆనర్ సొసైటీ అంటే బాగా చదివే విద్యార్థులను సభ్యులుగా చేర్చుకునే, యూనివర్సిటీకి బయట ఉండే సంస్థ. పేరున్నవైతే క్యాంపస్‌లో ప్రొఫెసర్ల అజమాయిషీలో తమ శాఖను (చాప్టర్‌ను) నడుపుతాయి. కానీ ఆ పేరు పెట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతేమీ అక్కర్లేదు. రెండు మూడు గ్రీకు అక్షరాలు, ఓ ముద్ర, ఓ వెబ్‌సైటు ఉంటే ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

అన్నిటికన్నా పాతది ఫై బీటా కప్పా. వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో 1776 డిసెంబర్ 5న పుట్టింది. దీని గౌరవానికి సాటి లేదు, కానీ అది ముఖ్యంగా ఆర్ట్స్, సైన్సెస్‌లో బ్యాచిలర్స్ చదివేవాళ్లది. దేశంలోని కాలేజీల్లో పదింట ఒక దానిలోనే శాఖ ఉంటుంది. ఎంఎస్ కోసం వెళ్లినవాళ్లకు ఇది దాదాపు అందని పండే కాబట్టి పోలికలోంచి తీసేస్తున్నాను. అక్కడే పుట్టి ఎకనామిక్సో, బయాలజీయో చదువుతున్న మన పిల్లలకు ఈ ఆహ్వానం వస్తే మాత్రం మరో ఆలోచన వద్దు, చేరమనండి.

ఇంజినీరింగ్ వాళ్లకు అంత విలువైనది టౌ బీటా పై. ఫై బీటా కప్పాలో ఇంజినీర్లకు చోటు లేకపోవడంతోనే 1885లో లీహై యూనివర్సిటీలో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే ప్రొఫెసర్ దీన్ని స్థాపించాడు. బ్యాచిలర్స్ మూడో ఏడాదిలో తరగతిలో పై ఎనిమిదో వంతులో, ఆఖరి ఏడాదిలో పై ఐదో వంతులో ఉన్నవాళ్లకే అర్హత. ఎంఎస్, పీహెచ్‌డీ వాళ్లకూ దారి ఉంది: తరగతిలో పై ఐదో వంతులో ఉండాలి, లేదా మీ పని నాణ్యమైనదని ప్రొఫెసర్ చెప్పాలి. మార్కులున్నంత మాత్రాన సరిపోదు, మీ నడవడిక చూసి శాఖలోని సభ్యులు ఓటు వేస్తారు. చాలా ఇంజినీరింగ్ భవనాల ముందు దీని గుర్తు నిలబెట్టి ఉంటుంది. వంతెన కాలును పోలిన ఆ లోహపు దిమ్మెను 'బెంట్' అంటారు. కొన్ని క్యాంపస్‌లలో కొత్తగా చేరబోయేవాళ్లు బ్రష్షులు, పాలిష్ డబ్బా పట్టుకుని దాన్ని తళతళలాడేలా తోమడం ఆనవాయితీ. ఆ పని చేస్తున్నప్పుడు పక్కన ఉన్నవాడు రేపు ఏదో కంపెనీలో మీ రెజ్యుమె చూసి, ఆ పేరు గుర్తుపట్టి ఓ మాట సాయం చేస్తాడు. రుసుము ఒక్కసారే, సభ్యత్వం జీవితాంతం.

ఒక మెలిక ఉంది. కంప్యూటర్ సైన్స్ కొన్ని యూనివర్సిటీల్లో ఇంజినీరింగ్ కాలేజీలో, కొన్నిచోట్ల ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌లో ఉంటుంది. రెండో రకంలో చదివేవాళ్లకు టౌ బీటా పై తలుపు సాధారణంగా తెరుచుకోదు. వాళ్లకు అప్సిలాన్ పై ఎప్సిలాన్ ఉంది, 1967లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో మొదలైన కంప్యూటింగ్ సొసైటీ. ఎలక్ట్రికల్ వాళ్లకు ఈటా కప్పా నూ, 1904 నాటిది. 2010లో ఎలక్ట్రికల్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐఈఈఈలో కలిసిపోయింది, ఐఈఈఈ పేరు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. ఎంబీఏ వాళ్లకు బీటా గామా సిగ్మా.

ఫై కప్పా ఫై అన్ని సబ్జెక్టులవాళ్లనూ తీసుకుంటుంది. 1897లో మెయిన్ యూనివర్సిటీలో పుట్టింది. గ్రాడ్యుయేట్ (ఎంఎస్, పీహెచ్‌డీ) విద్యార్థుల్లో పై 10 శాతానికే పిలుపు. పైచదువులకు ఫెలోషిప్పులు 1932 నుంచీ ఇస్తోంది. నిఖార్సయిన సంస్థ, సందేహం లేదు. అయినా ఒకే ఏడాది రెండు పిలుపులూ వచ్చి, ఒక్కదానికే డబ్బుంటే నేను టౌ బీటా పై వైపే చూపిస్తాను. ఫై కప్పా ఫైలో ఏటా రెన్యూవల్ అడుగుతారు. అదలా ఉంచినా, ఇంజినీరింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేవాళ్లు గుర్తుపట్టే పేరు టౌ బీటా పైదే. పీహెచ్‌డీకి, బోధనకు వెళ్లాలనుకునేవాళ్లకు ఫై కప్పా ఫై కూడా అంతే మంచిది.

ఇక మిగిలింది క్యాంపస్‌లో ఏ శాఖతోనూ సంబంధం లేకుండా మెయిల్‌లో వచ్చే జాతీయ, అంతర్జాతీయ సొసైటీల సంగతి. ఇవన్నీ మోసాలే అనను. డబ్బు తీసుకుంటారు, సర్టిఫికెట్ పంపిస్తారు, కొన్ని నాయకత్వ శిక్షణ తరగతులు కూడా నడుపుతాయి. నాకున్న అభ్యంతరమల్లా "ఎంపిక" అన్న మాటతోనే. అమెరికాలో విద్యార్థుల రికార్డులకు ఫెర్పా అనే 1974 నాటి చట్టం కాపలా ఉంది. పేరు, ఈమెయిల్, చదువుతున్న కోర్సు లాంటి డైరెక్టరీ వివరాలను, మీరు వద్దనకపోతే, యూనివర్సిటీ బయటికి ఇవ్వవచ్చు. జీపీఏ మాత్రం మీ అనుమతి లేకుండా బయటివాళ్లకు ఇవ్వకూడదు. అంటే క్యాంపస్‌లో శాఖ లేని సంస్థ "మీ అద్భుతమైన మార్కులు చూసి ఎంపిక చేశాం" అంటే, ఆ మార్కులు చూపించిందెవరని అడగాలి. చాలాసార్లు వాళ్ల చేతిలో ఉన్నది మీ చిరునామా మాత్రమే. వాళ్ల దరఖాస్తులో జీపీఏ గడిలో మీరే అంకె వేస్తారు, ఆ అంకెను ఎవరూ సరిచూడరు. అలా వచ్చిన సర్టిఫికెట్ మీరు డబ్బు కట్టారని తప్ప ఇంకేమీ చెప్పదు.

వాళ్లు చెప్పుకునే మిగతా గొప్పలూ అంతంతమాత్రమే. లాభాపేక్ష లేని సంస్థ అంటారు. అది పన్నుల కోసం ఉన్న హోదా, ప్రమాణాలకు గుర్తు కాదు. లక్షల్లో సభ్యులున్నారంటారు, అంతమందిని చేర్చుకున్నాక ఎంపికలో వడపోత ఎక్కడిది? ఉద్యోగాల పోర్టల్ ఉందంటారు; మీ క్యాంపస్ కెరీర్ సెంటర్ అంతకన్నా మంచిది ఉచితంగా ఇస్తుంది. తాడు మెడలో వేసుకోవచ్చంటారు. తాము గుర్తించిన సొసైటీల తాళ్లు తప్ప వేరేవి స్నాతకోత్సవంలో వేసుకోనివ్వని యూనివర్సిటీలు ఎన్నో. వంద డాలర్లంటే ఇంటి దగ్గర ఎనిమిది వేల పైమాటే. క్యాంపస్ ఉద్యోగంలో వారానికి ఇరవై గంటలే అనుమతి ఉన్న పిల్లవాడికి అది ఓ రోజు కష్టం.

నిజానిజాలు తేల్చుకోవడానికి చాలామంది ఏసీహెచ్ఎస్ (అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ ఆనర్ సొసైటీస్) జాబితా చూస్తారు. ఆనర్ సొసైటీల ప్రమాణాల కోసం 1925లో ఏర్పడిన సంఘం అది. అన్ని సబ్జెక్టులకూ కలిపి ఉన్న సొసైటీ అయితే తరగతిలో పై 20 శాతం నుంచి, ఒక్క సబ్జెక్టుదైతే పై 35 శాతం నుంచి సభ్యులను తీసుకోవాలన్నది దాని కనీస నియమం. జాబితాలో ఉంటే నమ్మవచ్చు. లేకపోతే నకిలీ అనుకోనక్కర్లేదు, ఫై బీటా కప్పా కూడా ఇప్పుడు అందులో లేదు. అందుకే నేను ముందు చెప్పేది క్యాంపస్‌లో అడగమని. శాఖకు సలహాదారైన ప్రొఫెసర్ ఎవరు? రిజిస్ట్రార్ ఆఫీసులో, విద్యార్థి సంఘాల జాబితాలో ఆ పేరుందా? నిరుడు చేరినవాళ్లలో ఒకరితో మాట్లాడగలరా? వీటికి జవాబు దొరకకపోతే డబ్బు కట్టకండి.

మనవాళ్ల మధ్య ఈమధ్య బాగా నడుస్తున్న ఇంకో మాట: సభ్యత్వాలు పోగేస్తే, అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే ఈబీ-1ఏ గ్రీన్‌కార్డుకు పనికొస్తాయని. సభ్యత్వాల గురించి ఆ గ్రీన్‌కార్డు నియమం అడిగేది, విశిష్టమైన విజయాలు సాధించినవాళ్లనే, అదీ ఆ రంగంలోని జాతీయ, అంతర్జాతీయ నిపుణులు తూచాకే చేర్చుకునే సంఘాల సభ్యత్వాన్ని. చదువు స్థాయిని బట్టో, రుసుము కడితేనో వచ్చిన సభ్యత్వం లెక్కలోకి రాదని ఇమిగ్రేషన్ శాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. కాబట్టి మార్కుల మీద వచ్చిన విద్యార్థి సొసైటీ ఎంత మంచిదైనా, టౌ బీటా పై అయినా సరే, ఆ ఖాతాలో వేసుకోవద్దు. అందుకు పనికొస్తుందని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే ముందు లాయర్ని అడగండి.

పౌరసత్వం ఉన్న పిల్లలకు మాత్రం ఒక గట్టి ప్రయోజనం ఉంది, తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది తెలియదు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాల్లో బ్యాచిలర్స్ డిగ్రీతో చేరితే మామూలుగా జీతాల మెట్లలో జీఎస్-5 దగ్గర మొదలవుతుంది. ఏసీహెచ్ఎస్ కనీస ప్రమాణాలకు తగిన జాతీయ ఆనర్ సొసైటీలో సభ్యులైతే, ఆ అర్హత వర్తించే ఉద్యోగాల్లో అంతకన్నా పైదైన జీఎస్-7 దగ్గర చేరవచ్చు. జీపీఏ 3.0 ఉన్నా, తరగతిలో పై మూడో వంతులో ఉన్నా అదే అర్హత వస్తుంది. మొదటి ఏడాది విద్యార్థుల సొసైటీలు ఇందులోకి రావు. మీ అబ్బాయో అమ్మాయో అలాంటి ఉద్యోగానికి దరఖాస్తు చేస్తుంటే, సభ్యత్వ పత్రాన్ని డిగ్రీ ట్రాన్‌స్క్రిప్టుతో పాటే జతచేయమనండి.